అత్తయ్యకు కాశీ, మరిదికి కేరళ, మా అమ్మకు ఇంటి కాపలా

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. కుదించి చెబుతున్నాను. ఆమెకు 43 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త బ్యాంకు ఉద్యోగి, ఇంటికి పెద్దకొడుకు. అత్తమామలు వీళ్ల దగ్గరే ఉంటారు. మావగారికి 78 ఏళ్లు, షుగరు, బీపీ, రెండేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. అత్తగారికి 72, మోకాళ్లు బాగా అరిగిపోయాయి. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం, జనవరిలో జేఈఈ మెయిన్ రాయాలి. కూతురు ఎనిమిదో తరగతి. డిసెంబరు 18న డాలస్ నుంచి మరిది కుటుంబం వస్తోంది. వాళ్ల పిల్లలకు తొమ్మిదేళ్లు, అయిదేళ్లు. ఉండేది రెండు వారాలు.

ఈసారి అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దామని వేసవిలోనే అనుకున్నారట. అత్తగారు కాశీ అన్నారు, అదీ తొమ్మిది రాత్రులు. మరిది కేరళ అన్నాడు. మున్నార్, అలెప్పీలో హౌస్‌బోటు, ఆరు రోజులు, "ఖర్చంతా నాది వదినా" అని. భర్త మాత్రం "మీరంతా ఏమంటే అదే" అని ఊరుకున్నారు. రాజమండ్రిలో ఒంటరిగా ఉంటున్న తన తల్లిని కూడా తీసుకెళ్దామని ఈమె అడిగారు. తల్లికి 67, మూడేళ్ల కిందట భర్త పోయారు, అప్పటినుంచి ఇల్లు కదల్లేదు. దానికి అత్తగారు, "పిల్లాడు పరీక్షల వల్ల ఎలాగూ రాలేడు కదా, వదినగారు వచ్చి వాడికి వండిపెడుతూ ఇంట్లో ఉంటే సరిపోతుంది" అన్నారు. భర్త ఆ మాట విని టీవీ చూస్తూ కూర్చున్నారట.

ఇంతకుముందు ఊటీ వెళ్లినప్పుడు తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపింది, దారి పొడుగునా అందరి మాత్రలు చూసింది, గదుల్లో బట్టలు ఉతికింది తనేనని రాశారు. "నేను ఊటీ చూసింది బస్సు కిటికీలోంచే. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి? అమ్మ సంగతి ఎలా తేల్చాలి? అసలు నేను రానంటే తప్పా?" అని అడిగారు.

—

మీ ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను. రానంటే తప్పేమీ కాదు. కాకపోతే ఆ మాటతో ఏం జరుగుతుందో చూసుకోండి. ఊటీలో మీరు చేసిన పనంతా అలాగే ఉంటుంది, అది రెండు వారాల సెలవు మీద వచ్చిన మీ తోడికోడలి మీద పడుతుంది. ఆమె చేయలేకపోతే అరిగిన మోకాళ్లతో మీ అత్తగారే లేవాలి. తర్వాత బంధువుల్లో మిగిలే కథ ఒక్కటే, "వాళ్లమ్మను తీసుకెళ్లలేదని అలిగి మానేసింది" అని. మీ మూడింటి పులిహోర సంగతి ఆ కథలో ఎక్కడా ఉండదు. అందుకని రాను అనే మాటను నిజంగా రాకూడదని అనుకున్న రోజుకే ఉంచుకోండి. బెదిరింపుగా వాడితే రెండోసారికి పనిచేయదు.

ఇక ఆ వంట మాట. చదివినప్పుడు నాకూ చివుక్కుమంది. అయినా అత్తగారి వైపు నుంచి ఒక సంగతి ఆలోచించండి. వియ్యపురాలి ముందు కాళ్లు చాపుకుని కూర్చోవడం కూడా ఆ తరానికి ఇబ్బందే. మావగారి మీద విసుక్కోవాలన్నా, నడవలేక చిన్నకొడుకు భుజం పట్టుకోవాలన్నా వదినగారు చూస్తున్నారే అనిపిస్తుంది. నాలుగేళ్ల తర్వాత వస్తున్న కొడుకుతో తన ఇంటి మనుషులు మాత్రమే ఉండాలని ఆమె కోరుకుని ఉండొచ్చు. అది చెప్పలేక, చేతికి అందిన ఏర్పాటు ఏదో చెప్పేశారేమో. ఇది నా ఊహ మాత్రమే, అలా కాకపోనూ వచ్చు. ఏదైనా ఆమె కోరిక న్యాయమైనదే కావచ్చు, దానికి మీ అమ్మగారిని వంటమనిషిని చేయడం మాత్రం న్యాయం కాదు.

నన్ను ఆగేలా చేసినవి మరో రెండు విషయాలు. మొదటిది మీవారి టీవీ. అది ఆయన తల్లి అన్న మాట, మీ తల్లి గురించి. మధ్యలో మాట్లాడగలిగిన ఒకే ఒక్క మనిషి ఆయన. మీరు నేరుగా అత్తగారితో తేల్చుకోబోతే అది అత్తాకోడళ్ల తగవుగా మారిపోతుంది, ఆయన మళ్లీ టీవీ పెట్టుకుంటారు. రెండోది, ఇంత ఉత్తరంలో మీ అమ్మగారు ఏమన్నారో ఒక్క వాక్యం కూడా లేదు. ఆమెను అడిగారా? మూడేళ్లుగా గుమ్మం దాటని మనిషికి పదిమంది హడావుడిలో, అల్లుడి ఇంటివాళ్ల మధ్య తిరగడం ఇష్టమో కాదో మీకు తెలియదు. నాకూ తెలియదు.

అడిగేటప్పుడు కాదనే వీలు కూడా ఇచ్చి అడగండి. "అమ్మా, నువ్వు వస్తే నాకు సంతోషం. రావాలని లేకపోతే, జనవరిలో పరీక్షలయ్యాక మనిద్దరమే ఎక్కడికైనా వెళ్దాం" అనండి. ప్రయాణం మొత్తం వస్తానంటే సరే. రెండు రోజులే వస్తానన్నా సరే. మనవడి దగ్గర ఉండటమే నాకిష్టం అని ఆమె తనంతట తాను అంటే, అప్పుడు అది వేరే సంగతి. ఒకరు పురమాయించడం వేరు, ఆమె కోరుకోవడం వేరు.

ఆమె వస్తానంటే, ఆ సంగతి ఇంట్లో చెప్పాల్సింది మీవారు. అనుమతి అడుగుతున్నట్టు కాకుండా, సమాచారం చెబుతున్నట్టు: "అమ్మా, అత్తయ్యగారిని కూడా రమ్మన్నాను. ఆవిడకు గది వేరే తీసుకుంటున్నాం." ఆ వేరే గది మాట ముఖ్యం. అత్తగారికి కావలసిన చాటు దానితోనే దొరుకుతుంది. మీ కూతురు అమ్మమ్మ గదిలో పడుకుంటే ఆవిడకూ తోడు. అత్తగారు రెండ్రోజులు ముభావంగా ఉండొచ్చు. అక్టోబరులో ఉంటే ఉండనివ్వండి, డిసెంబరు నాటికి తగ్గుతుంది. చెప్పకుండా దాటేసి రాజమండ్రి స్టేషన్లో హఠాత్తుగా ఎక్కించుకున్నారనుకోండి, ఆ ముభావం ప్రయాణం పొడుగునా ఉంటుంది.

ఇప్పుడు ఊరి సంగతి. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్నది మన తెలుగువాళ్లలో పాత కోరిక, తల్లి గర్భంలో తొమ్మిది నెలలకు తొమ్మిది రాత్రులని చెబుతారు. 72 ఏళ్ల మనిషి ఆ మాట అన్నప్పుడు తేలిగ్గా తీసేయకూడదు. కానీ మీరు వెళ్లాలనుకుంటున్న సమయం చూడండి. డిసెంబరు చివరి నుంచి గంగా మైదానమంతా పొగమంచు. రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, విమానాలు కూడా రద్దవుతుంటాయి. విజయవాడ నుంచి రైల్లో మామూలు రోజుల్లోనే ఒక రోజు దాటే ప్రయాణం అది. రాత్రిళ్లు చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది. విశ్వనాథుడి గుడి దగ్గర 2021 డిసెంబరులో కారిడార్ తెరిచాక ఆవరణ విశాలమైంది, నడక కొంత సుఖమైంది. ఘాట్ల మెట్లు మాత్రం మారలేదు, పాత సందుల్లోకి కారు వెళ్లదు. స్టెంటు ఉన్న ఆయన, మోకాళ్లు అరిగిన ఆమె, అమెరికా నుంచి వచ్చి పగలూ రాత్రీ తారుమారైన అయిదేళ్ల పిల్ల, ఇంతమందితో ఆ చలిలో తొమ్మిది రాత్రులంటే నాకు భయమే. పైగా మీ అబ్బాయి ఎటూ రాలేడు, మరిదికి ఉన్న రెండు వారాల్లో ముప్పావు వంతు అక్కడే అయిపోతుంది.

అత్తగారిని ఒక్క ప్రశ్న అడగాలి, అది మరిది అడిగితే మరీ మంచిది: "అమ్మా, నీకు తొమ్మిది రాత్రులు ముఖ్యమా, మేమిద్దరం పక్కన ఉండటం ముఖ్యమా?" తొమ్మిది రాత్రులే అంటే, శివరాత్రి రద్దీ దాటాక, ఎండలు ముదిరేలోపు వెళ్లొచ్చు. అత్తమామలు, తోడుగా మీవారు. మానససరోవర ఘాట్ దగ్గరి శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం లాంటి తెలుగు సత్రాల్లో వసతి, మన భోజనం దొరుకుతాయి. కింది అంతస్తులో గది, కుర్చీలా కూర్చునే టాయిలెట్ ఉన్నాయా అని మాత్రం ముందే కనుక్కోవాలి. చెప్పలేం, అప్పటికి ఇద్దరు వియ్యపురాళ్లకూ చనువు పెరిగితే మీ అమ్మగారూ ఆ ప్రయాణంలో చేరొచ్చు. అల్లుడితో, వియ్యంకుడితో కాకుండా ఆడవాళ్లిద్దరూ గుడికి వెళ్లిరావడం చాలామందికి ఇష్టంగానే ఉంటుంది. కొడుకులిద్దరూ పక్కన ఉండటమే ముఖ్యమంటే, హైదరాబాద్ నుంచి విమానంలో అత్తమామలు, ఇద్దరు కొడుకులు, నలుగురే మూడు రాత్రులకు వెళ్లి రావచ్చు. ఖర్చవుతుంది, పొగమంచు మన చేతిలో ఉండదు, తొమ్మిది రాత్రుల కోరిక అలాగే మిగిలిపోతుంది. ఆ లెక్క ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పి ఎంచుకోమనండి. ఆమె తరఫున మీరంతా కలిసి నిర్ణయించేయకండి.

కేరళ మీద నాకు వేరే కోపమేమీ లేదు. అయితే మీ మరిది ఫోన్లో చూస్తున్నవి ఫొటోలు. కొచ్చి నుంచి మున్నార్ దాదాపు 130 కిలోమీటర్లు, అందులో చాలా దూరం మలుపుల ఘాట్ రోడ్డు, నాలుగు గంటలకు తక్కువ కాదు. వాంతులయ్యే పిల్లలుంటే ఇంకా ఎక్కువ. హౌస్‌బోట్లు సాయంత్రం అయిదున్నరకల్లా ఒడ్డున కట్టేస్తారు. రాత్రంతా నీళ్ల మీద తేలిపోతామనుకుంటాం గానీ, తెల్లవార్లూ ఆగిన పడవలోనే. ఎక్కడం దిగడం ఒక్కోచోట పలక మీద నుంచే. పైగా అది శబరిమల సీజను. మన వైపు నుంచి కేరళ వెళ్లే రైళ్లు అయ్యప్ప స్వాములతో నిండి ఉంటాయి, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి. మరిది పట్టుబడితే ఒక సవరణ చెప్పండి. మున్నార్ తీసేసి, విమానంలో కొచ్చి వెళ్లి, అలెప్పీలో పగటిపూట కొన్ని గంటలు పడవ తిరిగి, రాత్రికి నేల మీద హోటల్లో పడుకోవడం. పెద్దవాళ్లు తట్టుకుంటారు. మీ అబ్బాయి మాత్రం ఇంట్లో మిగిలిపోతాడు, వాడికి ఎవరు వండుతారన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది.

మూడోది మీ ఉత్తరంలో లేదు. విశాఖ, అరకు. మీకిది చప్పగా అనిపించొచ్చు, విజయవాడవాళ్లకు వైజాగ్ ఏం కొత్త అని. కానీ దానిలో ఉన్న సుఖం చూడండి. వందేభారత్, రత్నాచల్ రెండూ విజయవాడలోనూ రాజమండ్రిలోనూ ఆగుతాయి. మీరు ఇక్కడ ఎక్కుతారు, మీ అమ్మగారు అక్కడ ఎక్కుతారు. ఒకరి కోసం ఒకరు ఊరు మారి రానక్కర్లేదు. కూర్చుని వెళ్లే ప్రయాణం కాబట్టి కింది బెర్తు గొడవ లేదు. విశాఖలో రెండు రాత్రులు. సింహాచలం కొండపైకి కారు వెళుతుంది. ఆర్‌కే బీచ్‌లో కురుసురా జలాంతర్గామిని డాలస్ పిల్లలు తప్పకుండా ఇష్టపడతారు. లోపల దారులు ఇరుకు కాబట్టి పెద్దవాళ్లు బీచ్‌లో బెంచీ మీద కూర్చుంటే చాలు.

అరకుకు మాత్రం రైలే. విశాఖ–కిరండూల్ రైలుకు 2017లో అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించారు. దాదాపు నాలుగు గంటలు, యాభైకి పైగా సొరంగాలు. మీ మావగారికి ఘాట్ రోడ్డు కుదుపుల కంటే ఇదే నయం, నడవడానికి చోటుంటుంది, టాయిలెట్ ఉంటుంది. బొర్రా గుహలు ఆ దారిలోనే ఉన్నా మెట్లు చాలా ఎక్కువ, అత్తమామలిద్దరికీ వద్దు. పిల్లలను వేరే రోజు కారులో తీసుకెళ్లండి. ఆ పూట పెద్దవాళ్లు అరకులో ఎండలో కుర్చీలు వేసుకుని కాఫీ తాగుతారు. అందరూ కలిసి వెళ్లినంత మాత్రాన అందరూ అన్నీ కలిసే చూడాలని లేదు. చాలా కుటుంబాల ప్రయాణాలు పాడయ్యేది ఇక్కడే. ఒకరు మెట్లు ఎక్కలేక, మిగతా పదిమంది వాళ్లను వదల్లేక, ఎవరికీ ఏదీ పూర్తిగా దక్కదు.

తిరుగు దారిలో అన్నవరం. అత్తగారికి ఒక పుణ్యక్షేత్రం కుదిరినట్టవుతుంది, కాశీ కోరిక దీనితో తీరదనుకోండి, అయినా ఆమెను మరిచిపోలేదని తెలుస్తుంది. అక్కడ సత్యనారాయణ వ్రతానికి దంపతులు కూర్చుంటారు. ఆ గంటసేపు మీ అమ్మగారు ఒక మూల ఒంటరిగా నిలబడాల్సి రాకుండా మీ కూతుర్ని పక్కన ఉంచండి. భర్త పోయినవాళ్లకు ఇలాంటి చోట్ల ఎవరూ ఏమీ అనకపోయినా గుచ్చుకుంటుంది. వెళ్లేముందు ఆమెనే అడిగి, గుడి బయట ఉండటం ఇష్టమంటే బలవంతం చేయకండి.

తేదీలు: మరిది వాళ్లు దిగాక మూడు రోజులు ఇంట్లో నిద్ర తీర్చుకోనివ్వండి. డాలస్‌కు మనకు శీతాకాలంలో పదకొండున్నర గంటల తేడా, పిల్లలు అర్ధరాత్రి ఇడ్లీలు అడుగుతారు. 22న బయలుదేరి 26న తిరిగొస్తే 31 నాటి అరకు రద్దీ తప్పుతుంది. నాలుగు రాత్రులే కాబట్టి మీ అబ్బాయి రావడానికీ వీలుంది. అతన్ని కూడా అడగండి. అందరూ అతను రాలేడనే తీర్మానించారు గానీ అతని మాట మీరు రాయలేదు. నాలుగు రోజులు గాలి మారితే చదువుకు మేలే చేయొచ్చు. రాను, చదువుకుంటాను అంటే అదీ మంచిదే. అప్పుడు స్నేహితుడి ఇంట్లోనో, లేదా మీవారే రెండు రోజులకు వెనక్కి వచ్చేసో ఏర్పాటు చేయొచ్చు. ఇంటర్ పిల్లాడు అన్నం వండుకుని పెరుగు, పచ్చడితో రెండు పూటలు గడపడం కూడా లోకవిరుద్ధమేమీ కాదు.

మీరు పదకొండు మంది. విశాఖలో ఒకే టెంపో ట్రావెలర్ మాట్లాడుకోవాలని చూస్తారు, చవక అని. నా సలహా, ఒక పెద్ద కారు, ఒక చిన్న ట్రావెలర్. అలసిన వాళ్లు గదికి వెళ్లిపోవడానికి రెండో బండి ఉండాలి. ట్రావెలర్ మెట్టు ఎత్తు, అత్తగారు కారులోనే రావాలి. ఇంట్లో స్నానాల గదిలో వాడే చిన్న పీట ఒకటి వెంట వేసుకోండి, ఎక్కడం దిగడంలో అది చేసే సాయం ఇంతా అంతా కాదు.

డబ్బు దగ్గర మరిది మాట మంచి మనసుతో అన్నదే. కానీ ఖర్చంతా ఒకరు పెడితే ఊరూ హోటలూ వాళ్లే ఎంచుతారు, మిగతావాళ్లు నచ్చకపోయినా నోరు మెదపరు. మీవారి మౌనంలో ఇది కూడా కొంత ఉందేమో. అన్నదమ్ములిద్దరూ ముందే కూర్చుని, అన్నగారు తను సుఖంగా పెట్టగలిగిన అంకె బయటికి చెప్పాలి. గదులు మరిది, రైళ్లూ బళ్లూ మీవారు, ఇలా పంచుకోవచ్చు. తమ్ముడి వాటా ఎక్కువైనా ఫరవాలేదు, అన్నగారి వాటా సున్నా కాకూడదు. మావగారికి పింఛను వస్తుంటే అన్నవరం వ్రతం, ఒక పూట అందరి భోజనం ఆయన చేత పెట్టించండి. ఆ బిల్లు ఆయన కట్టినప్పుడు ఆయన మొహం చూడండి. మీ అమ్మగారి టికెట్టు, గది మీ జీతంలోంచి పెట్టండి. దాచక్కర్లేదు, చాటనక్కర్లేదు.

ఇక మీ పని. ఈ ప్రయాణంలో ఇంటి నుంచి వండి తీసుకెళ్లేది ఏమీ లేదని ముందే ప్రకటించండి. రైల్లో టిఫిన్ దొరుకుతుంది, విశాఖలో భోజనాలకు కొదవ లేదు. అత్తగారికి బయటి తిండి పడకపోతే ఒక సీసా ఆవకాయ, కాస్త కరివేపాకు పొడి, రాత్రికి పెరుగన్నం చాలు. మావగారి మాత్రల డబ్బా పెద్దకొడుకు బాధ్యత. నవంబరులో ఆయనే తండ్రిని డాక్టరుకు చూపించి, మందుల చీటీ ఫొటో తీసి అన్నదమ్ములిద్దరి ఫోన్లలో పెట్టుకోవాలి. మందులు చేతిసంచిలోనే ఉండాలి, పెట్టెల్లో కాదు. అమెరికా పాస్‌పోర్టులున్న పిల్లలకు హోటళ్లలో అవి అడుగుతారు, ఆ సంగతి మీ తోడికోడలు చూసుకుంటుంది. మొదటి పూట ఎవరో ఏదో మరిచిపోతారు. మీరు లేచి వెళ్లి తెచ్చి ఇవ్వకండి. అలవాటైన చేతికి ఇది అన్నిటికంటే కష్టం.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరు నుంచి ఈ పద్ధతి. అంటే డిసెంబరు 22 టికెట్లకు అక్టోబరు 23. ఒక టికెట్టు మీద ఆరుగురికి మించి కుదరదు, మీకు ఎలాగూ రెండు కావాలి. విస్టాడోమ్ సీట్లు డిసెంబరులో తొందరగా అయిపోతాయి, కాబట్టి అరకు రైలెక్కే తేదీకి 60 రోజుల ముందు పొద్దున్నే మీ అబ్బాయినో మరిదినో కూర్చోబెట్టండి. ఆలోపు జరగాల్సినవి రెండే. ఈ ఆదివారం మీ అమ్మగారికి ఫోను, ఆ తర్వాత మీవారితో మాట. ఆయనతో మాట్లాడేటప్పుడు టీవీ కట్టేయండి.